కాన్పు తర్వాత పెల్విక్ ఫ్లోర్ వ్యాయామం: ముందు వదలడం రావాలి, బిగించడం ఆ తర్వాత

మీరు అడిగినదాంట్లో నాలుగైదు విషయాలు కలిసిపోయి ఉన్నాయి, కాబట్టి సమాధానం కొంచెం పొడుగవుతుంది. మీరు రాసింది నాకు అర్థమైన మేరకు ఇదీ. తొలి కాన్పు, నెల్లూరులో పుట్టింటి దగ్గర. నార్మల్ డెలివరీయే కానీ కింద కోత పెట్టి కుట్లు వేశారు. ఇప్పుడు పదో వారం. బిడ్డతో, అమ్మగారితో కలిసి బెంగళూరులో మారతహళ్ళి ఫ్లాటుకి వచ్చేశారు. తుమ్మినా, దగ్గినా, గట్టిగా నవ్వినా మూత్రం చుక్కలు పడుతోంది. ఫోన్లో ఏదో యాప్ పెట్టుకుని రోజుకి 200 కెగెల్స్ (కింది కండరాల్ని బిగించి వదిలే వ్యాయామాలు) మొదలుపెడితే, తగ్గకపోగా సాయంత్రమయ్యేసరికి కింద బరువుగా ఉంటోంది, కూర్చుంటే నొప్పి. మూడో నెల నిండేదాకా ఒళ్ళు కదపొద్దని అమ్మగారు, వచ్చే వారం నుంచే జుంబాకి వచ్చేయమని క్లబ్‌హౌస్ వాళ్ళు. మీ తోటికోడలికి సిజేరియన్ అయింది కాబట్టి ఆమెకి ఇవేవీ అక్కర్లేదని ఇంట్లో అందరి నమ్మకం.

నేను ఫిజియోథెరపిస్టుని. ఆడవాళ్ళకి కాన్పు ముందూ తర్వాతా వచ్చే ఇలాంటి ఇబ్బందులే చాలా ఏళ్ళుగా నా పని, అదీ బెంగళూరులోనే. చూడకుండా మీకేమైందో చెప్పలేను గానీ, ఈ రకం కథ వారం వారం వింటూనే ఉంటాను.

ఆ 200 ఇవాళే ఆపేయండి. వ్యాయామం మొత్తానికే మానమని కాదు, ఆ లెక్కని మానమని.

మిగతాదంతా చెప్పేముందు ఒక్క మాట. గంటకో ప్యాడ్ తడిసేంత రక్తస్రావం, పెద్ద పెద్ద గడ్డలు పడటం, 38 డిగ్రీల సెల్సియస్ (అంటే 100.4 ఫారన్‌హీట్) దాటిన జ్వరం, దుర్వాసనతో మైల, కుట్ల దగ్గర చీము, ఒక పిక్కలో మాత్రమే వాపూ నొప్పీ, ఆయాసం, ఛాతీలో నొప్పి, చూపు మసకబారేంత తలనొప్పి, మూత్రం అసలు రాకపోవడం, తొడల మధ్య మొద్దుబారడం, మలం తెలియకుండా జారిపోవడం: వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఈ సమాధానం చదవడం ఆపి ఆసుపత్రికి వెళ్ళండి. అవేవీ వ్యాయామంతో తేలే సంగతులు కావు.

ఇక అసలు విషయానికి వద్దాం. పెల్విక్ ఫ్లోర్ అంటే ముందున్న కటి ఎముక నుంచి వెనక తోక ఎముక దాకా పరుచుకున్న కండరాల పొర. మూత్రాశయం, గర్భసంచి, పెద్దపేగు చివరి భాగం దానిమీదే ఆనుకుని ఉంటాయి. మన ఇళ్ళలో దూలానికి పాత చీరతో కట్టే ఉయ్యాల లాంటిదనుకోండి. బిడ్డని పడుకోబెడితే సాగాలి, తీయగానే మళ్ళీ పైకి రావాలి. సాగిపోయి వేలాడే గుడ్డా పనికిరాదు, బిర్రుగా బిగుసుకుపోయిన గుడ్డా పనికిరాదు. ఈ రెండోదాని గురించి ఎవరూ మాట్లాడరు. మీ నొప్పి సంగతి వింటుంటే నాకు ముందు దానిమీదే అనుమానం.

కాన్పులో ఈ పొర మీద పడే ఒత్తిడి మామూలుది కాదు. బిడ్డ తల దిగేటప్పుడు ఇందులో లోపలి కండరం తన మామూలు పొడవుకి మూడింతలకి పైగా సాగుతుందని 2004లో మిషిగన్ యూనివర్సిటీ పరిశోధకులు కంప్యూటర్ మోడల్‌తో లెక్కకట్టారు. అంత సాగి, పైన కోతా కుట్లూ పడ్డ కండరం నొప్పికి భయపడి ముడుచుకుపోవడంలో వింతేమీ లేదు. దెబ్బ తగిలిన చెయ్యిని మనకి తెలియకుండానే ఒళ్ళోకి లాక్కుంటాం కదా, ఇదీ అంతే. అలా పగలంతా సగం బిగుసుకుని ఉన్న కండరం తుమ్ము వచ్చిన క్షణాన ఇంకా బిగుసుకోవాలంటే దాని దగ్గర మిగిలింది ఉండదు. దానిచేత రోజుకి 200 సార్లు మళ్ళీ బిగింపిస్తే అలిసిపోయి నొప్పి పెడుతుంది. అంటే వదులైతే కారుతుంది, బిగుసుకుపోయినా కారుతుంది.

ఇంకో అనుమానం కూడా ఉంది. మీరు పైకి లాగుతున్నాననుకుంటూ కిందికి ముక్కుతూ ఉండొచ్చు. నవ్వకండి, ఇది చాలా మామూలు. 1991లో అమెరికాలో బంప్ అనే డాక్టరూ ఆయన బృందమూ 47 మంది ఆడవాళ్ళకి కెగెల్స్ ఎలా చెయ్యాలో నోటిమాటగా చెప్పి, చేయించి కొలిచారు. సుమారు సగం మందే సరిగ్గా చేశారు. పావువంతు మంది చేసింది మూత్రం కారడాన్ని పెంచగలిగే తీరు. చేస్తున్నవాళ్ళకి తేడా తెలియదు. యాప్‌కి అసలే తెలియదు, అది గంట కొడుతుంది, మీరు నొక్కుతారు, అది చప్పట్లు కొడుతుంది.

దీనికి ఆర్నాల్డ్ కెగెల్ గారిని తప్పుపట్టడానికి లేదు. 1948లో ఆ గైనకాలజిస్ట్ ఈ వ్యాయామాల గురించి రాసినప్పుడు ఒక పరికరాన్ని కూడా తయారుచేశాడు, పేరు పెరినియోమీటర్. లోపల ఎంత ఒత్తిడి వస్తోందో సూది కదిలి చూపిస్తుంది, ఆ సూదిని రోగి తన కళ్ళతో చూసుకుంటూ నేర్చుకునేది. ఆయన పద్ధతికి ప్రాణం ఆ సూది. డెబ్బై ఎనభై ఏళ్ళలో పేరు మిగిలింది, లెక్క మిగిలింది, సూది మాయమైంది.

కాబట్టి మొదటి పది రోజులు లెక్కలు వద్దు. వదలడం నేర్చుకోండి.

మంచం మీద ఎడమ పక్కకి తిరిగి పడుకోండి, మోకాళ్ళ మధ్య దిండు పెట్టుకోండి. బిడ్డ నిద్రపోయాక ఐదు నిమిషాలు చాలు. ముక్కుతో గాలి పీలుస్తుంటే పక్కటెముకలు పక్కలకి విచ్చుకోవాలి, పొట్ట మెత్తగా ముందుకి రావాలి. అదే సమయంలో కూర్చునే ఎముకల మధ్య చోటు కాస్త వెడల్పయినట్టు, కింద ఏదో కొద్దిగా దిగినట్టు అనిపించాలి. గాలి వదులుతుంటే అది తనంతట తాను పైకి వస్తుంది, మీరేమీ చెయ్యక్కర్లేదు. పళ్ళు బిగించి ఉన్నారేమో చూసుకోండి, దవడ బిగిసిన చోట కిందా బిగుస్తుంది, ఎందుకో గానీ నేను చూసినవాళ్ళలో ఈ రెండూ జంటగానే కనిపిస్తాయి. మొదటి రెండు రోజులు ఏమీ తెలియకపోవచ్చు. తెలియకపోయినా చెయ్యండి. కూర్చుంటే వచ్చే నొప్పి ఈ ఒక్కదానికే తగ్గడం మొదలైతే, కండరం బిగుసుకుపోయి ఉందన్న అనుమానం బలపడినట్టే.

ఆ తర్వాత బిగించడం. వెల్లకిలా పడుకుని మోకాళ్ళు మడవండి. పదిమందిలో కూర్చున్నారు, గ్యాస్ వస్తోంది, ఆపుకోవాలి: ముందు అక్కడ మెల్లగా మూయండి. ఆ బిగింపుని అలాగే ముందుకి, మూత్రం ఆపుకునే చోటుదాకా తీసుకొచ్చి లోపలికి, పైకి లాగండి. మీ బలమంతా వద్దు, మూడో వంతు చాలు. పిరుదులు బిగిస్తే, తొడలు దగ్గరికి నొక్కితే, పొట్టని వీపుకి అంటేలా పీలిస్తే, ఊపిరి బిగబడితే తప్పు చేస్తున్నట్టే. ఊపిరి బిగబట్టే అలవాటున్నవాళ్ళకి నేను చెప్పే చిట్కా, పైకి వినబడేలా లెక్కపెట్టమని. నోరు మాట్లాడుతుంటే ఊపిరి ఆగదు.

సరిగ్గా చేస్తున్నారో లేదో చూసుకునే పద్ధతి ఒకటుంది. కుట్లు పూర్తిగా మానాయని డాక్టర్ చెప్పాకే ఇది. చేతులు శుభ్రంగా కడుక్కుని, యోనికీ మలద్వారానికీ మధ్య ఉన్న చోట వేలి కొన ఆనించండి. బిగించినప్పుడు అక్కడి చర్మం వేలిని వదిలి లోపలికి పోవాలి. వదిలినప్పుడు మళ్ళీ వేలి మీదికి రావాలి. బిగించినప్పుడు వేలిని బయటికి తోస్తున్నట్టుంటే అది ముక్కడం. అప్పుడిక సొంత ప్రయోగాలు ఆపి, తెలిసినవాళ్ళకి చూపించుకోండి. అద్దం పెట్టుకుని చూసుకోవడానికి మొహమాటపడేవాళ్ళు ఉంటారు, ఇది మీ ఒళ్ళే.

ఒకటి మాత్రం చెయ్యకండి. మూత్రం పోస్తూ మధ్యలో ఆపి ప్రాక్టీసు చెయ్యడం. కండరం ఎక్కడుందో తెలుసుకోవడానికి ఒక్కసారి చూసినా చూశారు గానీ, దాన్నే వ్యాయామం చేసుకుంటే మూత్రాశయం పూర్తిగా ఖాళీ కాని అలవాటు పడుతుంది, ఇన్ఫెక్షన్లు వస్తాయి.

మోతాదు విషయానికొస్తే, మొదట్లో మూడు సెకన్లు బిగించి ఆరు సెకన్లు వదలండి. ఐదు సార్లు. రోజుకి మూడు పూటలు. వదిలే సమయం ఎప్పుడూ బిగించే సమయం కంటే తక్కువ కాకూడదు. హాయిగా అనిపిస్తే వారానికో సెకను పెంచుకుంటూ పది సెకన్లు, పది సార్ల దాకా వెళ్ళొచ్చు. దానికి తోడు చటుక్కున బిగించి చటుక్కున వదిలేవి ఓ పది. తుమ్ముకి పనికొచ్చేది ఈ వేగమే, పది సెకన్ల పట్టు కాదు. పడుకుని బాగా వచ్చాక కూర్చుని, ఆ తర్వాత నిలబడి. బ్రిటన్‌లో ప్రభుత్వ మార్గదర్శకాలు పెట్టే నైస్ సంస్థ కూడా రోజుకి మూడు పూటలు, పూటకి కనీసం 8 సార్లు, అదీ తెలిసినవాళ్ళ పర్యవేక్షణలో కనీసం మూడు నెలలు అంటుంది. అంటే రోజుకి 24. మీ యాప్ చెప్పిన 200 పక్కన పెట్టి చూసుకోండి.

మూడు నెలలు అనగానే చాలామంది ముఖం వేలాడేస్తారు. రెండు వారాలకే తేడా రాలేదని మానేసేవాళ్ళే ఎక్కువ. కండరం పెరగడానికి పట్టే కాలం అది, చేతి కండకైనా అంతే పడుతుంది.

బిడ్డకి పాలిచ్చే ప్రతిసారీ చెయ్యమని ఒక సలహా వాట్సాప్‌లో తిరుగుతుంటుంది. నాకది సగమే నచ్చుతుంది. కొత్తగా నేర్చుకునేటప్పుడు వంగిపోయిన వీపుతో, బిడ్డ పట్టు సరిగ్గా ఉందో లేదో చూసుకుంటూ, పైగా నిద్రమత్తులో చేస్తే ఏం బిగుస్తోందో తెలియదు. పట్టు దొరికాక గుర్తు కోసం పాల వేళని వాడుకోండి, తప్పులేదు.

ఇక చుక్కలు పడటం. దీనికి అన్నిటికంటే త్వరగా ఫలితం ఇచ్చే పని ఒకటుంది. తుమ్ము వస్తోంది అని తెలిసే ఆ అర సెకనులో ముందే బిగించి, తుమ్మి, వదిలెయ్యడం. మిషిగన్ యూనివర్సిటీలోనే జానిస్ మిల్లర్ బృందం 1998లో దీన్ని పెద్దవయసు ఆడవాళ్ళకి నేర్పిస్తే, వారంలోనే దగ్గినప్పుడు కారడం బాగా తగ్గింది. కండరం బలపడటానికి వారం చాలదు, అంటే తగ్గింది బలం వల్ల కాదు, సమయానికి బిగించడం వల్ల. బిడ్డని ఉయ్యాల్లోంచి ఎత్తేముందు, కుర్చీలోంచి లేచేముందు కూడా ఇదే: ఊపిరి వదులుతూ, బిగించి, లేవడం. లేచాక వదలడం మర్చిపోవద్దు, రోజంతా బిగించుకుని తిరిగేవాళ్ళని కూడా చూశాను.

సాయంత్రం బరువు సంగతి విడిగా చూపించుకోవాలి. పొద్దున బాగుండి, వంటా బట్టలూ అయ్యి నిలబడి నిలబడి సాయంత్రానికి బరువెక్కి, పడుకోగానే తగ్గుతుంటే అవయవాలు కొద్దిగా కిందికి దిగి ఉండొచ్చు. మనవాళ్ళు గర్భసంచి జారిందంటారు, ఆ మాట వినగానే ఆపరేషనే అనుకుని ఏడ్చేస్తారు. కాన్పైన మొదటి నెలల్లో కొద్దిపాటి దిగుడు చాలామందిలో ఉంటుంది, చాలావరకు వ్యాయామంతోనూ కాలంతోనూ మెరుగవుతుంది. గైనకాలజిస్ట్ చూసి ఏ మేరకు ఉందో చెబుతారు. అప్పటిదాకా పగలు రెండు మూడుసార్లు పదిహేను నిమిషాలు నడుము వాల్చండి. ఇరవై లీటర్ల నీళ్ళ క్యాన్ ఎత్తి డిస్పెన్సర్ మీద బోర్లించే పని మీ ఆయనకి వదిలెయ్యండి. ఆయన ఆఫీసుకెళ్ళాక నీళ్ళైపోతే కింద సెక్యూరిటీ అబ్బాయిని పిలవండి. తడిబట్టల బకెట్టు మీరే మోయాల్సి వస్తే రెండు విడతలుగా మొయ్యండి.

ఇప్పుడు మీ అమ్మగారి మాట. మూడు నెలలు కదపొద్దనడంలో సగం న్యాయం ఉంది. మన పెద్దవాళ్ళు బాలింతని పనికి దూరంగా ఉంచింది బరువులెత్తకుండా కాపాడటానికే, ఆ కాపలా విలువ నాకు తెలుసు, బెంగళూరులో తోడెవరూ లేక పదో రోజున వంటింట్లో నిలబడేవాళ్ళని చూస్తూంటాను కాబట్టి. కానీ పెల్విక్ ఫ్లోర్‌ని మెల్లగా కదపడం బరువు పని కాదు. మూత్రం గొట్టం తీసేసి, మామూలుగా మూత్రం వస్తోందంటే, కాన్పైన కొద్ది రోజుల్లోనే నొప్పి లేనంతలో మొదలుపెట్టొచ్చు. మెల్లగా చేసే బిగింపు రక్తప్రసరణ పెంచుతుంది, వాపు దిగడానికి సాయపడుతుంది, కుట్లు ఊడిపోవు. ఈ సంగతి ఆవిడకి చెప్పండి, నమ్మకపోతే డాక్టర్ చేత చెప్పించండి. మా ఇళ్ళల్లోనూ అంతే, కూతురు చెబితే చాదస్తం, డాక్టర్ చెబితే శాసనం.

పథ్యం దగ్గర మాత్రం ఆవిడతో నేను కొంచెం పేచీ పడతాను. వెల్లుల్లి కారం, శొంఠి, వాము, కాయం అన్నీ సరే, ఆకలి పుట్టిస్తాయి. కానీ నీళ్ళు ఎక్కువ తాగితే పొట్ట పెరుగుతుందనీ, పప్పు తింటే కుట్లకి చీము పడుతుందనీ అవి తగ్గించేసి, కూరలు మానిపించి, పైనుంచి ఐరన్ మాత్రలు వేయిస్తే జరిగేది ఒకటే: మలబద్ధకం. కుట్లున్న చోట పొద్దున్నే పావుగంట ముక్కడం కంటే పెల్విక్ ఫ్లోర్‌కి చెడ్డపని ఇంకోటి లేదు. రోజంతా నేను నేర్పింది ఆ పావుగంటలో పోతుంది. కాబట్టి పప్పు పెట్టమనండి, పాలిచ్చే తల్లికి అది కావాలి. ఆకుకూర, బీరకాయ, సొరకాయ, జామపండు తినండి. దాహమైనప్పుడల్లా నీళ్ళు తాగండి, పాలిచ్చేటప్పుడు పక్కన చెంబు పెట్టుకోండి.

వెస్టర్న్ కమోడ్ మీద కూర్చునేటప్పుడు పాదాల కింద చిన్న పీట వేసుకోండి. మోకాళ్ళు తుంటి కంటే పైకి రావాలి, మోచేతులు తొడల మీద ఆనించి ముందుకి వంగాలి. మలద్వారాన్ని వంచి పట్టుకునే కండరం ఆ భంగిమలో సడలుతుంది, దారి తిన్నగా అవుతుంది. ఇండియన్ టాయిలెట్‌లో జరిగేది ఇదే. ముక్కకుండా, నోరు కాస్త తెరిచి ఊపిరి వదులుతూ వెళ్ళండి. కుట్లు నొప్పిగా ఉంటే శుభ్రమైన ప్యాడ్ మడిచి కుట్ల మీద మెత్తగా ఆనించి పట్టుకోవచ్చు. ఎంత చేసినా రాకపోతే మలం మెత్తబడే సిరప్ రాయించుకోండి, పాలిచ్చేవాళ్ళకి ఇవ్వదగినవి ఉన్నాయి.

నడికట్టు గురించి మీరు అడగలేదు గానీ, అమ్మగారు తోడున్నారంటే ఆ గుడ్డా ఉండే ఉంటుంది. వదులుగా, నడుముకి ఆసరాగా ఉంటే ఫర్వాలేదు. పొట్ట తగ్గాలని ఊపిరాడకుండా బిగిస్తే లోపలి ఒత్తిడంతా కిందికే దిగుతుంది, అసలే బరువుగా ఉంది అంటున్నారు కదా. మీ విషయంలో తీసెయ్యమంటాను.

మీ తోటికోడలి సంగతి. తొమ్మిది నెలలు బిడ్డ బరువు మోసింది ఆవిడ పెల్విక్ ఫ్లోరే కదా. సిజేరియన్ అయినవాళ్ళలో మూత్రం కారడం తక్కువే గానీ లేకపోలేదు. ఆవిడకి పైన పొట్ట పొరలు కోసి కుట్టారు, కింద వ్యాయామం మానాల్సిన పనిలేదు. గొట్టం తీశాక ఊపిరి వ్యాయామంతో మొదలుపెట్టి, మీకు చెప్పిన దారిలోనే వెళ్ళాలి. ఆరు వారాల దాకా బిడ్డ కంటే బరువైనది ఎత్తకూడదు. మంచం మీంచి తిన్నగా లేవకూడదు, పక్కకి ఒత్తిగిలి, చేత్తో నొక్కి లేవాలి. దగ్గేటప్పుడు కుట్టు మీద దిండు అదుముకోవాలి. స్నానం చేయిస్తూ పొట్ట మీద వేణ్ణీళ్ళు దూరం నుంచి కొట్టే పద్ధతి కొన్ని ఇళ్ళలో ఇంకా ఉంది, కుట్టు పచ్చిగా ఉండగా అది వద్దని గట్టిగా చెప్పండి.

జుంబా ఇప్పుడే వద్దు. గెంతే ప్రతిసారీ కింద పడే బరువు మామూలు నడకకి రెండు మూడింతలు. పరుగు గురించి 2019లో బ్రిటన్‌లో గూమ్, డానెల్లీ, బ్రాక్‌వెల్ అనే ముగ్గురు రాసిన మార్గదర్శకం కాన్పైన పన్నెండు వారాల లోపు వద్దంటుంది. పన్నెండు నిండగానే పరుగెత్తమని దాని అర్థం కాదు. అరగంట చురుగ్గా నడవగలగాలి, ఒంటికాలి మీద పది సెకన్లు నిలబడగలగాలి, ఒంటికాలితో పదిసార్లు కాస్త గుంజీలా వంగి లేవగలగాలి, ఉన్నచోటే నిమిషం జాగింగ్ చెయ్యగలగాలి, ఒక్కో కాలి మీద పదేసి గెంతులు వెయ్యగలగాలి. ఇవన్నీ చుక్క పడకుండా, బరువు అనిపించకుండా, నొప్పి లేకుండా. ఒక్కటి తప్పినా ఇంకో నెల నడకే. సంగీతం హోరులో ఈ లక్షణాలు తెలియవు, అందుకే ఇంట్లో చూసుకున్నాకే క్లాసుకి వెళ్ళమంటాను.

నడక మాత్రం ఇవాళే మొదలుపెట్టండి. పది నిమిషాలు, అపార్ట్‌మెంట్ లోపలే. మారతహళ్ళి ఫుట్‌పాత్ మీద బిడ్డని ఎత్తుకుని రాళ్ళూ గుంటలూ దాటుతూ నడవడం వ్యాయామం కాదు, సర్కస్. ఆదివారం కుదిరితే కబ్బన్ పార్కుకి వెళ్ళండి, ఆ రోజు లోపలికి వాహనాల్ని రానివ్వరు, చెట్ల కింద నున్నటి రోడ్డు దొరుకుతుంది.

యోగా అలవాటు ఉన్నవాళ్ళు మూలబంధం (కింది కండరాల్ని పైకి లాగి పట్టి ఉంచే పద్ధతి) ఇదేగా అంటారు. దగ్గరి సంగతే. కానీ గురువు చెప్పినా మొదట్లో బిగించి పట్టి ఉంచడం వద్దు, వదలడం వచ్చేదాకా. కపాలభాతి, నౌకాసనం, సిట్-అప్స్ ఇప్పుడు వద్దు. తల ఎత్తినప్పుడు పొట్ట మధ్యలో గట్టులా లేస్తోందంటే గర్భంతో పక్కలకి జరిగిన పొట్ట కండరాల మధ్య ఎడం ఇంకా పూడలేదన్నమాట, అది కూడా చూపించుకోండి. సూర్య నమస్కారాలు పన్నెండో వారం దాటాక, మోకాళ్ళు ఆనించి, మెల్లగా.

ఆఫీసు. ప్రసూతి సెలవుల చట్టానికి 2017లో చేసిన సవరణ తర్వాత మొదటి ఇద్దరు బిడ్డలకి 26 వారాల సెలవు ఉంది కాబట్టి మీకింకా సమయం ఉంది. అయినా ఇప్పటినుంచే ఒక అలవాటు మీద కన్నేసి ఉంచండి. అవుటర్ రింగ్ రోడ్డు ట్రాఫిక్‌లో ఇరుక్కుంటామేమోనని, రాకపోయినా ఇంట్లో ఒకసారి, ఆఫీసులో దిగగానే ఒకసారి, మీటింగ్ ముందు ఒకసారి టాయిలెట్‌కి వెళ్ళొచ్చేవాళ్ళు ఇక్కడ కోకొల్లలు. అలా చేస్తే మూత్రాశయం కొంచెం నిండగానే గోల పెట్టడం నేర్చుకుంటుంది. నిండుగా ఉన్నప్పుడు 300 నుంచి 500 మిల్లీలీటర్లు పట్టే సంచి అది. రెండు మూడు గంటలకోసారి వెళ్ళడం సరిపోతుంది. అలాగని నాలుగైదు గంటలు బిగబట్టుకు కూర్చోవడమూ వద్దు. ఫిల్టర్ కాఫీ రోజుకి నాలుగు కప్పులు తాగేవాళ్ళయితే రెండుకి దించి చూడండి, అర్జెంటుగా పరుగెత్తాల్సి రావడం చాలామందిలో దానితోనే తగ్గుతుంది.

అడగడానికి మొహమాటపడి ఉంటారు కాబట్టి నేనే చెబుతున్నాను. కలయికకి తొందరేమీ లేదు, ఆరు వారాలు దాటాయి కదా అని ఎవరూ తేదీ పెట్టకూడదు. పాలిచ్చే రోజుల్లో ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ తక్కువగా ఉంటుంది, అక్కడ పొడిబారుతుంది, మంట పుడుతుంది. అది మీ లోపం కాదు, ఇష్టం లేకపోవడమూ కాదు. నీటితో చేసిన లూబ్రికెంట్ వాడండి. అయినా నొప్పి ఉంటే బలవంతంగా ఓర్చుకోవద్దు, ఓర్చుకున్నకొద్దీ కండరం ఇంకా బిగుసుకుంటుంది. కుట్టు మచ్చ గట్టిగా ఉంటే దాన్ని మెత్తబరిచే మసాజ్ ఉంది, ఎలా చెయ్యాలో ఫిజియో చూపిస్తారు. మళ్ళీ గర్భం రాకుండా ఏం వాడాలో కూడా అప్పుడే అడిగేయండి, నెలసరి రాకపోయినా గర్భం రావొచ్చు.

ఆన్‌లైన్లో అమ్మే, యోనిలో పెట్టుకునే బరువు గుండ్లు, కండరాలకి కరెంటు ఇచ్చే పరికరాలు కొనకండి. కొందరికి అవి పనికొస్తాయి, మీలా నొప్పి ఉన్నవాళ్ళకి కాదు.

చూపించుకోవడానికి వెళ్ళేటప్పుడు మామూలు ఫిజియో క్లినిక్ కాకుండా ఉమెన్స్ హెల్త్ లేదా పెల్విక్ ఫ్లోర్ ఫిజియో ఉన్నారా అని ఫోన్ చేసి అడగండి. బెంగళూరులో పెద్ద ప్రసూతి ఆసుపత్రుల్లో చాలాచోట్ల ఉంటారు, తెలుగు అర్థం చేసుకునేవాళ్ళూ దొరుకుతారు. ముందు మీ కథంతా వింటారు. మీరు ఒప్పుకుంటేనే గ్లవ్ వేసుకున్న ఒక్క వేలితో లోపల చూసి, బిగింపు ఎంతుందో, వదలడం వస్తోందో లేదో చెబుతారు. 0 నుంచి 5 దాకా ఒక కొలత ఉంటుంది, మీ అంకె ఎంతో అడిగి రాసుకోండి, మూడు నెలల తర్వాత పోల్చుకోవచ్చు. వద్దంటే పొట్ట మీద నుంచి అల్ట్రాసౌండ్‌తో కూడా చూడొచ్చు. మధ్యలో ఆపమనే హక్కు మీకుంది. అమ్మగారు లోపలే ఉండాలా బయట కూర్చోవాలా అన్నదీ మీ ఇష్టమే.

నెల్లూరు ఆసుపత్రి డిశ్చార్జ్ సమ్మరీ తప్పకుండా తీసుకెళ్ళండి. అందులో ఆర్.ఎం.ఎల్.ఇ అని ఉంటే అది కోత. దాని పక్కన థర్డ్ డిగ్రీ లేదా ఫోర్త్ డిగ్రీ టేర్ అని ఉందేమో చూడండి. ఉంటే మలద్వారం కండరం కూడా చిరిగి కుట్టారన్నమాట, అప్పుడు పైన చెప్పిన మోతాదులేవీ మీరే మొదలుపెట్టకుండా ముందు గైనకాలజిస్ట్‌ని కలవాలి. వాక్యూమ్ గానీ ఫోర్‌సెప్స్ గానీ వాడారా, బిడ్డ బరువెంత, ముక్కే దశ ఎంతసేపు నడిచింది అన్నవీ కాగితం మీద ఉంటే మంచిది. లేకపోతే మీ అమ్మగారిని అడగండి, లేబర్ రూమ్ బయట గడియారం చూస్తూ కూర్చున్నది ఆవిడే కదా.